ఇంక్యుబేటర్‌లో వేడి నిలవడం లేదా? పెట్టెను బాగుచేసుకోవాలా, మిషన్ కొనాలా, కోడితోనే పొదిగించాలా?

మా ఇంట్లో ఇంక్యుబేటర్ అంటే చేపలు ప్యాక్ చేసే థర్మోకోల్ పెట్టె. అందులో రెండు 40 వాట్ల బల్బులు, ఒక చిన్న ఫ్యాను, సెన్సార్‌తో వేడి చూసి బల్బును వెలిగించి ఆర్పే డబ్ల్యూ1209 బోర్డు ఒకటి, ఒక నీళ్ల గిన్నె. మొదటిసారి 30 నాటు గుడ్లు పెడితే 19వ రోజు సాయంత్రమే గుడ్లు పగలడం మొదలైంది. ముందే వస్తున్నాయని సంబరపడ్డాం. తీరా చూస్తే వచ్చినవి 11 పిల్లలు. వాటిలో నాలుగింటికి బొడ్డు మానలేదు, రెండు నిలబడలేక కాళ్లు చాపేశాయి. కోడిగుడ్డుకు 21 రోజులు పట్టాలి. అంత ముందే వచ్చాయంటే లోపల వేడి ఎక్కువైనట్టే. కానీ డిస్‌ప్లే మీద మాత్రం అన్ని రోజులూ 37.5 దగ్గరే ఉంది.

"ఆ డబ్బా పారేసి మిషన్ కొనుక్కో" అన్నాడు బాబాయి. "ఇంట్లో పొదుగు కోడి ఉండగా ఇదంతా ఎందుకురా" అంది నాయనమ్మ. ఆ తర్వాత నేను మూడూ చేసి చూశాను. మీ దగ్గర ఇప్పటికే పెట్టె ఉండి, గుడ్లు యాభై లోపే అయితే, మిషన్‌కు డబ్బులు పెట్టే ముందు పెట్టెనే సరిచేసుకోండి అని నా సలహా. తప్పు చాలాసార్లు కొలతలోనో, గాలి తిరగకపోవడంలోనో ఉంటుంది.

నా పెట్టెలో తప్పు ఎక్కడుందో ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లు చెప్పాయి. సెన్సార్ కొసను, పిల్లల జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు కొసను పక్కపక్కనే నీళ్లలో ముంచి, చెంచాతో కలుపుతూ ఉన్నాను. బోర్డు 37.5 అంటుంటే థర్మామీటరు 101.1 ఫారన్‌హీట్ చూపించింది. అంటే సెల్సియస్‌లో 38.4 డిగ్రీలు. సెన్సార్ దాదాపు ఒక డిగ్రీ తక్కువ చెబుతోంది, దాన్ని నమ్మి బోర్డు గుడ్లను అంత ఎక్కువ వేడిలో ఉంచింది. దీనికి కొత్త సెన్సార్ కూడా అక్కర్లేదు. సెట్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకుంటే పీ0 వస్తుంది, అక్కడి నుంచి పీ4కు వెళ్లి తేడా ఎంతుందో అంత కలిపితే చాలు. నేను 0.9 పెట్టాను. జ్వరం థర్మామీటరు మనకు కావాల్సిన వేడి దగ్గరే కచ్చితంగా పనిచేసేలా తయారైంది కాబట్టి ఈ పనికి గోడకు తగిలించే థర్మామీటరు కన్నా అదే మేలు.

అదే బోర్డులో పీ1 కూడా చూడండి. మామూలుగా అది 2 మీద వస్తుంది. అంటే 37.5కు ఆరిన బల్బు 35.5కు పడితే గానీ మళ్లీ వెలగదు. 0.3 పెట్టుకోండి. 0.1 పెడితే ఇంకా బాగుంటుందని అనిపిస్తుంది గానీ, రిలే (బోర్డు మీద బల్బును వెలిగించి ఆర్పే స్విచ్చి) ఊరికే టక్కుటక్కుమంటూ తొందరగా అరిగిపోతుంది. గాలి వేడి కాస్త అటూ ఇటూ అయినా గుడ్డు లోపల అంత వేగంగా మారదు. వేడి దాటినా బల్బు ఆరడం లేదంటే రిలే అతుక్కుపోయినట్టు. అప్పుడు బోర్డు మార్చాల్సిందే.

ఫ్యాను ఉన్న పెట్టె మేలా, లేనిది మేలా అంటే నేను రెండో ఆలోచన లేకుండా ఫ్యాను ఉన్నదే అంటాను. ఫ్యాను లేకపోతే వేడి పైకి చేరుతుంది, అడుగున చల్లగా ఉంటుంది, మూలనున్న గుడ్లు వెనకబడతాయి. అలాంటి పెట్టెలో గుడ్ల పై అంచు ఎత్తులో కొలిచి 38.3 నుంచి 38.9 మధ్య ఉంచాలి. ఫ్యాను ఉంటే 37.5 చాలు. చాలామంది ఫ్యాను బిగించాక కూడా పాత 38.5నే ఉంచేస్తారు, చాలా పిల్లలు గుడ్లలోనే చచ్చిపోతాయి. కంప్యూటర్‌లో వాడే 12 వోల్టుల ఫ్యాను సరిపోతుంది. దాన్ని రిలే గుండా కాకుండా నేరుగా అడాప్టర్‌కు కలపండి, బల్బు ఆరినా ఫ్యాను తిరుగుతూనే ఉండాలి. సెన్సార్ గుడ్ల ఎత్తులో ఉండాలి, దాని మీద బల్బు వెలుగు నేరుగా పడకూడదు. బల్బు థర్మోకోల్‌కు తగలకుండా చుట్టూ ఇనప జాలీ కట్టండి, ఇది మాత్రం వాయిదా వేయొద్దు.

ఇక రెడీమేడ్ మిషన్. గుడ్లు దానంతట అదే తిప్పుతుంది, ఫ్యాను లోపలే ఉంటుంది, ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు నిజంగా సుఖం. వంద గుడ్లకు పైగా, నెలనెలా పెట్టేవాళ్లు పెట్టెతో కుస్తీ పట్టకుండా ఇదే కొనుక్కోవడం మంచిది. అయితే దీని డిస్‌ప్లేను కూడా గుడ్డిగా నమ్మకండి, గుడ్ల పక్కన జ్వరం థర్మామీటరు పెట్టి చూడాల్సిందే. కొనేటప్పుడు 12 వోల్టుల బ్యాటరీ మీద నడిచేదేనా అని అడగండి. కిటికీ పక్కన, సీలింగ్ ఫ్యాను కింద పెట్టకండి.

పెట్టెకైనా మిషన్‌కైనా ఒక పరిమితి ఉంది. రెండూ వేడి చేయగలవు గానీ చల్లబరచలేవు. మే నెలలో గది 39కి చేరితే బల్బు ఆరిపోయినా లోపల 37.5 ఉండదు. చల్లని లోపలి గదిలో నేల మీద పెట్టండి, గాలి రంధ్రాలు పూర్తిగా తెరవండి. ఎండాకాలం కాకపోయినా చివరి వారంలో వేడి దానంతట అదే పెరుగుతుంటే కంగారు పడకండి. ఎదిగిన పిల్లల ఒంటి వేడి అది. రోజూ చూసుకుంటూ సెట్టింగ్ కొద్దిగా తగ్గిస్తే సరిపోతుంది.

కరెంటు పోతే మాత్రం కోడిని మించింది లేదు. నాయనమ్మ గంపలో గడ్డి పరిచి, వేపాకు వేసి, 12 గుడ్లు పెట్టి కోడిని కూర్చోబెడుతుంది. థర్మామీటరూ లేదు, టెన్షనూ లేదు. నేను ఆ కోడి దగ్గరే ఒక ముఖ్యమైన సంగతి నేర్చుకున్నాను. అది రోజూ మేతకు లేచి కాసేపు గుడ్లను వదిలేస్తుంది, గుడ్లకు ఏమీ కాదు. అంటే కాసేపు చల్లబడడం కన్నా వేడెక్కడమే ప్రమాదం. అందుకే గంటసేపు కరెంటు పోతే నేనిప్పుడు మూత తీసి చూడను, రంధ్రాలు మూసుకుపోకుండా దుప్పటి కప్పి వదిలేస్తాను.

కోడితో ఇబ్బంది ఏమిటంటే మనకు కావాల్సినప్పుడు అది పొదుగుకు రాదు, పట్టేది పన్నెండు గుడ్లే, పిల్లలు పెద్దయ్యేదాకా మళ్లీ గుడ్డు పెట్టదు. అందుకని కోడి పొదుగుకు వచ్చిన రోజునే నేను పెట్టెలో కూడా గుడ్లు పెడుతున్నాను. రాత్రంతా కరెంటు రాకపోతే పెట్టెలోవి కొన్ని దాని కిందకు చేరుస్తాను. పోయినసారి 21వ రోజు రాత్రి, చీకట్లో, పెట్టెలో పుట్టిన ఎనిమిది పిల్లల్ని ఒక్కొక్కటిగా దాని రెక్క కిందకు నెట్టాను. తెల్లారేసరికి అన్నింటినీ వెంటేసుకుని దొడ్లో తిరుగుతోంది.