కార్స్: పన్నెండేళ్లుగా వింటున్న పాట

ఈ పన్నెండేళ్లలో నాలుగు ఫోన్లు మార్చాను, రెండు కార్లు మార్చాను. బ్రిటిష్ గాయకుడు గ్యారీ న్యూమన్ ‘కార్స్’ మాత్రం అన్నిట్లోకీ నాతోపాటే వచ్చింది. 1979 ఆగస్టులో విడుదలై, సెప్టెంబరుకల్లా బ్రిటన్‌లో నంబర్ వన్ అయిన పాట. అప్పటికి ఆయనకు 21 ఏళ్లే.

నిజం చెప్పాలంటే మొదట నచ్చలేదు. ఫోన్ స్పీకర్‌లో విన్నాను. ముక్కుతో రైల్వే అనౌన్స్‌మెంట్ చదువుతున్నట్టుంది గొంతు. పైగా మన లెక్కలో పల్లవే లేదు, అన్నీ చరణాలే. ఇంచుమించు సగానికే మాటలు అయిపోతాయి. మిగతాదంతా వాయిద్యమే.

పాట వెనక కథ తర్వాతెప్పుడో తెలిసింది. లండన్‌లో న్యూమన్ కారులో ఉండగా ఎవరో గొడవపడి బయటికి లాగబోయారట. తలుపులు లాక్ చేసుకుని, ఫుట్‌పాత్ మీదుగా పోనిచ్చి బయటపడ్డారు. ‘ఓహో’ అనుకుని వదిలేశాను.

కొన్నేళ్లకు మియాపూర్ వైపు సిగ్నల్ దగ్గర ఒక బైకతను నా అద్దం మీద అరచేత్తో ఠపీమని కొట్టాడు. తప్పు ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. లాక్ నొక్కాను, నాలుగు తలుపులూ ఒకేసారి టక్కుమన్నాయి. బయట అతని నోరు కదులుతోంది, లోపల ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. చేతులు వణుకుతున్నాయి, అయినా ఏదో ధైర్యం. ఇంటికెళ్లి పాట పెట్టుకుంటే ఆ గొంతు ఎందుకంత బిర్రబిగుసుకుని ఉందో అర్థమైంది.

మంచి హెడ్‌ఫోన్స్ కొన్నాక ఇంకోటి దొరికింది. సింథసైజర్ (ఎలక్ట్రానిక్‌గా శబ్దాలు పుట్టించే కీబోర్డు) పాట అంటారు గానీ, న్యూమన్ దీన్ని కట్టింది బేస్ గిటార్ మీద, అదీ కాసేపట్లోనే. డ్రమ్స్ వాయించింది మనిషే. టాంబురిన్ చూడండి, భజనలో కంజీరా గజ్జెల్లా గలగలమంటూ ఆ యంత్రాల మధ్య చెమట వాసన తెస్తుంది. మాటలు ఆగాక పాలీమూగ్ కీబోర్డు అందుకుంటుంది. అందులో ‘వాక్స్ హ్యూమానా’ అని తయారుగా ఉండే స్వరమొకటి ఉంది. వయొలిన్లు మంచులో తడిసినట్టుంటుంది. పన్నెండేళ్లలో పాట మొదటి సగం కొంచెం అరిగింది. ఈ రెండో సగం అరగలేదు.

లోపాలున్నాయి. చివర్లో అదే వరస తిప్పితిప్పి వాయించి మెల్లగా తగ్గించేస్తారు. అలవాటు లేనివాళ్లకు విసుగే. చిన్న స్పీకర్లో బేస్ పోతే సగం పాట పోయినట్టే. 1987 రీమిక్స్ కూడా విన్నాను, రెండోసారి పెట్టబుద్ధి కాలేదు.

కారులో మాటలు ఆగగానే మా అమ్మాయి వెనక సీట్లోంచి “అయిపోయిందా నాన్నా?” అంటుంది. అసలుది ఇప్పుడే మొదలైందమ్మా అంటాను. తను ఇయర్‌ఫోన్స్ పెట్టేసుకుంటుంది.