డావిన్చీ రిసాల్వ్ ఉచిత వెర్షన్: మూడేళ్ల వాడకం తర్వాత కట్‌లు, ట్రాన్సిషన్ల సంగతి

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల జరిగే పెళ్లి వీడియోలకీ షార్ట్ ఫిల్ములకీ డావిన్చీ రిసాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ నిక్షేపంలా సరిపోతుంది. 3840×2160 సైజులో సెకనుకు 60 ఫ్రేముల దాకా రెండర్ (పూర్తయిన వీడియో ఫైలు) ఇస్తుంది. ట్రాన్సిషన్లు, అంటే ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కి మారేటప్పుడు వేసే ఎఫెక్టులు, కుప్పలుగా ఉన్నాయి గానీ, రోజూ అన్నం పెట్టేది ఒక షాట్‌ని కోసి నేరుగా ఇంకోటి అతికించే మామూలు కట్ ఒక్కటే.

రొట్టెల పండుగ ఫుటేజీ తీసుకోండి. స్వర్ణాల చెరువులో ఒకరు రొట్టె చాపే వైడ్ షాట్, ఇంకొకరు అందుకునే క్లోజప్. చెయ్యి ఆగాక కోస్తే అతుకు తెలిసిపోతుంది. చెయ్యి సగం దూరంలో ఉండగానే కోసి, క్లోజప్‌ని అదే కదలికలో రెండు మూడు ఫ్రేములు వెనక్కి జరిపి మొదలుపెట్టాలి. అప్పుడు కట్ పడిందనే తెలియదు. అంచుని పట్టుకుని కామా, ఫుల్‌స్టాప్ కీలు నొక్కితే ఒక్కో ఫ్రేము జరుగుతుంది. ఈ సర్దుబాటు ఇందులో చాలా హాయి.

ఒక షాట్ మెల్లగా ఇంకోదాంట్లో కలిసిపోయే క్రాస్ డిజాల్వ్ దగ్గరే ఎక్కువమంది ఇరుక్కుంటారు. సెకనుకు 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో (క్లిప్పులు వరసగా పేర్చే చోటు) సెకను డిజాల్వ్ కట్ మధ్యన కూర్చోవాలంటే మొదటి షాట్‌కి చివర, రెండో షాట్‌కి ముందు చెరో 12, 13 ఫ్రేముల మిగులు కావాలి. క్లిప్పుని మొత్తం వాడేసి ఉంటే ట్రిమ్ చేయమంటారా, వదిలేయమంటారా అని అడుగుతుంది. ట్రిమ్ నొక్కారో, మాంగల్యధారణ షాట్‌లో ముడి పడే ఫ్రేములే పోవచ్చు. వదిలేయమని చెప్పి, కట్ ఎక్కడ జరపాలో మీరే చూసుకోండి. అసలు మందు కెమెరా దగ్గరుంది: రికార్డు నొక్కాక 2 సెకన్లు, ఆపేముందు 2 సెకన్లు ఊరికే తిరగనివ్వాలి.

పేజీ తిప్పినట్టు, పూలు రాలినట్టు వచ్చే ట్రాన్సిషన్లు తలంబ్రాల మధ్యలో వద్దే వద్దు. చూసేవాళ్ల కన్ను పెళ్లికూతురి ముఖాన్ని వదిలేస్తుంది.

జె కట్, అంటే తర్వాతి షాట్ సౌండ్ దాని బొమ్మ కంటే ముందే వినపడే కట్, మాత్రం తప్పక నేర్చుకోవాలి. పెన్న ఒడ్డు ఇంకా తెరమీద ఉండగానే రంగనాయకుల గుడి గంట 15 ఫ్రేములు ముందు వినపడితే, ఆ గంటే గుడి షాట్‌ని లాక్కొస్తుంది. ఆల్ట్ పట్టుకుని బొమ్మ కట్‌ని మాత్రమే కుడివైపుకి జరిపితే చాలు, సౌండ్ ఉన్నచోటే ఉంటుంది. సౌండ్ అతుకు దగ్గర టప్పుమంటే 2 ఫ్రేముల క్రాస్ ఫేడ్ వేయండి.

లోపాలు రెండు. టైమ్‌లైన్‌లో క్లిప్పులు పడ్డాక ఫ్రేమ్ రేట్ మార్చనివ్వదు, ముందే 25 పెట్టుకోవాలి. ఫోన్ వీడియోల్లో ఫ్రేమ్ రేట్ నిలకడగా ఉండదు కాబట్టి నిడివి పెరిగేకొద్దీ పెదాలకీ మాటకీ పొత్తు తప్పుతుంది. వాటిని హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ (నిలకడైన) ఫ్రేమ్ రేట్‌కి మార్చాకే లోపలికి తెచ్చుకోండి.