లైపో బ్యాటరీని మిద్దె మీద చార్జ్ చేస్తే చాలనుకోకండి: కొనేవాళ్లకు హెచ్చరిక

రిమోట్ కార్లు, చిన్న విమానాలు నడిపేవాళ్లు, ముఖ్యంగా కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఒక్కసారి చదవండి. ధర తక్కువని ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర రెండు లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ప్యాకులు, చార్జరు కలిపి 2,300 రూపాయలకు తీసుకున్నాను. మూడు సెల్లులవి, 2200 ఎంఏహెచ్ కెపాసిటీ అని లేబుల్. అందులో ఒకటి పోయిన ఆదివారం తిరుపతిలో మా మిద్దె మీదే కాలిపోయింది. మనుషులకు ఏమీ కాలేదు. అమ్మ ఎండబెట్టిన వడియాలు, నీళ్ల ట్యాంకు పైపు పోయాయి.

పార్సిల్ విప్పిన రోజే నాకు బుద్ధి రావాల్సింది. నల్ల తొడుగు అంచు కింద ఇంకో పసుపు తొడుగు తొంగిచూస్తోంది. పాత ప్యాకు మీద కొత్త లేబుల్ ఎక్కించారన్నమాట. ఒక్కో సెల్లు వోల్టేజీ చూపే చెకర్ పెట్టి చూస్తే సెల్లులు 3.84, 3.85, 3.31 వోల్టులు చూపించాయి. కొత్త ప్యాకులో మూడూ 3.8 దగ్గర, దాదాపు ఒకేలా ఉండాలి. ఫోన్ చేస్తే "కొత్తలో అట్లే ఉంటాయి సార్, రెండుసార్లు చార్జ్ చేస్తే సర్దుకుంటాయి" అన్నాడు. చార్జరులో తెల్ల బ్యాలెన్స్ ప్లగ్ సరిగ్గా పట్టడం లేదంటే, "దాంతో పనేముంది, ఫాస్ట్ చార్జ్‌లో పెట్టుకోండి" అన్నాడు. విన్నాను. అక్కడ తప్పు నాది.

ఆ తెల్ల ప్లగ్ ఎందుకంటే, చార్జరు ఒక్కో సెల్లునూ విడిగా చూసేది దాని ద్వారానే. అది లేకపోతే చార్జరుకు మొత్తం మాత్రమే తెలుస్తుంది. సెల్లుకు 4.20 చొప్పున మూడింటికి 12.6 రాగానే నిండిందనుకుని ఆగుతుంది. మొదటిసారి చార్జ్ అయ్యాక నా ప్యాకు ఎంత చూపించిందో తెలుసా? 4.34, 4.33, 3.93. కూడితే సరిగ్గా 12.6! నీరసపడిన సెల్లు కింద ఉండిపోయింది, మిగతా రెండూ హద్దు దాటిపోయాయి. 4.20 దాటిన సెల్లులో గ్యాసు పుడుతుంది, ప్యాకు ఉబ్బుతుంది, వేడి అదుపు తప్పితే అంటుకుంటుంది. ఇదంతా నాకు తర్వాత అర్థమైంది. ఆ రోజు మాత్రం "మొత్తం సరిపోయింది కదా" అనుకుని కారు నడుపుకున్నాను.

రెండోసారి చార్జింగ్ ఆదివారం మధ్యాహ్నం, మే నెల ఎండలో. లైపోలను ఇంట్లో వద్దు, బయటే చార్జ్ చేయాలని అందరూ చెబుతారు కదా, మిద్దె మీద ట్యాంకు నీడలో పెట్టి కిందికి దిగాను. నీడే గానీ, ఆ గచ్చు మీద చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం. 45 డిగ్రీలు దాటిన వేడిలో లైపోకు చార్జింగ్ పెట్టకూడదు. పైగా పక్కనే ప్లాస్టిక్ పైపు, రెండడుగుల దూరంలో ప్లాస్టిక్ షీటు మీద వడియాలు.

మజ్జిగ తాగుతుంటే పైనుంచి అమ్మ కేక: "అబ్బయ్యా, నీ బ్యాటరీ పూరీ మాదిరి పొంగుతాండాది!" పరుగెత్తేసరికి నిజంగానే పొంగి ఉంది, నాలుగు మూలలూ గుండ్రంగా అయిపోయాయి. అమ్మను వెనక్కి లాగాను. బుస్సుమని తెల్లటి పొగ, ఆ వెంటనే మంట. అదృష్టం కొద్దీ గాలి కొండ వైపు వీస్తోంది, పొగ మా మీదికి రాలేదు. ఆ పొగ పీల్చకండి, అందులో ఊపిరితిత్తులను దెబ్బతీసే హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది. కిందికెళ్లి మెయిన్ ఆపేసి వచ్చేలోపు పైపు కరిగి ట్యాంకు నీళ్లు వాటంతటవే మంట మీద పడుతున్నాయి. ఫైర్ ఇంజన్ మాకు అలా వచ్చింది.

అమ్మకందారు మాట ఇప్పుడు మారింది. "బ్యాలెన్స్ ప్లగ్ పెట్టకుండా చార్జ్ చేశారు, వారంటీ వర్తించదు" అంటున్నాడు! రెండో ప్యాకు వెనక్కి పంపమన్నాడు. అదీ కొంచెం ఉబ్బి ఉంది. దెబ్బతిన్న లిథియం బ్యాటరీని విమానంలో పంపకూడదని కొరియర్ వాళ్లు తీసుకోలేదు. ఆ ప్యాకును పక్క అంగడిలో ఎండుమిరపకాయలు తూచే కాటా మీద పెడితే 126 గ్రాములు. మూడు సెల్లుల 2200 ప్యాకు సాధారణంగా 170, 190 గ్రాముల మధ్య ఉంటుంది. లేబుల్ మీద ఏమైనా రాసుకోవచ్చు, కాటాను మోసం చేయలేం కదా. మీ దగ్గర ఉన్నవి కూడా ఒకసారి తూచండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, మూడు సెల్లుల రీడింగులూ అందులోనే కనిపించాలి. నేను తీయలేదు, దానికే ఇప్పుడు తిప్పలు.

నా పాత ప్యాకులకు ఇప్పుడు పద్ధతి మార్చాను. పొద్దున ఆరింటికి, ఎండ ఎక్కకముందే పెడతాను. కుమ్మరి దగ్గర కొన్న పెద్ద మట్టి సట్టిలో సగం ఇసుక, దాని మీద ప్యాకు. మూత బిగించను, లోపల గ్యాసు పుడితే బయటికి పోయే దారి ఉండాలి. చార్జరు, అడాప్టరు దూరంగా ఉంటాయి. 2200 ప్యాకుకు 2.2 ఆంపియర్లు మించనివ్వను, సెల్లులన్నిటినీ సమంగా నింపే బ్యాలెన్స్ మోడ్ తప్ప వేరేది ముట్టుకోను. అయ్యేదాకా కుర్చీ వేసుకుని అక్కడే కాఫీ. పక్కన ఇంకో బక్కెట్టు ఇసుక. చినుకు పడితే, మంచు కురుస్తుంటే ఆ రోజు చార్జింగే లేదు. వాడిన తర్వాత రెండు మూడు రోజులు పక్కన పెట్టాల్సి వస్తే సెల్లుకు 3.8 దగ్గర ఉంచుతున్నాను, నిండుగా ఉంచడం లేదు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను, ఫోటోలన్నీ నా దగ్గర ఉన్నాయి. ఆ రెండో ప్యాకు ఇంకా మిద్దె మీద ఇసుకలోనే ఉంది. చెత్త బండిలో వేస్తే లోపల నలిగి అంటుకుంటుందేమోనని వేయలేదు. నల్ల తొడుగు కింద పసుపు తొడుగు ఉన్న ప్యాకు మీకూ వచ్చి ఉంటే చార్జ్ పెట్టకుండా బరువెంతో కింద రాయండి.