డోసు కొలవడానికి ఏది మేలు: ఫ్రిక్ ద్రావణమా, అలనిన్ బిళ్లా, గ్లుటమిన్ పొడా?

గామా కిరణాలతో క్రిములను చంపే ప్లాంటులోకి వెళ్ళిన సిరంజీల పెట్టె వెళ్ళినట్టే బయటికొస్తుంది. దానిమీద 25 కిలోగ్రేల డోసు పడిందో, 18 దగ్గరే ఆగిందో పైకి తెలియదు (వస్తువు పీల్చుకున్న రేడియేషన్‌కు కొలమానం గ్రే; కిలోగ్రే అంటే వెయ్యి గ్రేలు). దాని పక్కన పెట్టిన చిటికెడు పొడికి మాత్రం తెలుస్తుంది.

డోసు కొలిచే వీటిలో పాతకాపు ఫ్రిక్ ద్రావణం, అంటే ఫెర్రస్ ఇనుము లవణం కలిపిన ఆమ్ల ద్రావణం, 1927 నాటిది. రేడియేషన్ తగిలితే ఫెర్రస్ ఇనుము ఫెర్రిక్‌గా మారుతుంది; ఎంత మారిందో 304 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని ద్రావణం ఎంత పీల్చుకుందో చూసి చదువుతాం. ఖచ్చితత్వంలో వంక పెట్టలేం. అయితే 400 గ్రే దగ్గరికొచ్చేసరికి నీళ్ళలో కరిగి ఉన్న ఆక్సిజన్ అయిపోతుంది, లెక్క గాడి తప్పుతుంది. కాబట్టి సిరంజీల విషయంలో దాన్ని పక్కన పెట్టేద్దాం.

మిగిలినవి రెండు అమైనో ఆమ్లాలు. డోసు పడగానే వాటి స్ఫటికాల్లో ఫ్రీ రాడికల్స్ (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న అణు ముక్కలు) పుట్టి, కదల్లేక అక్కడే ఇరుక్కుపోతాయి. అలనిన్‌లో వాటిని ఉన్నచోటే, అయస్కాంత క్షేత్రంలో జత లేని ఎలక్ట్రాన్లను పసిగట్టే ఈపీఆర్ యంత్రంతో లెక్కపెడతారు. కొన్ని గ్రేల నుంచి 100 కిలోగ్రేల దాకా పని చేస్తుంది. ఇబ్బందల్లా యంత్రం ధరే. ఆ మాట ఎత్తితే మేనేజర్లు టీ తాగడానికి లేస్తారు.

ఆ ఖర్చు లేని దారిని ముంబైలోని ట్రాంబేలో ఉన్న భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్)లో అభివృద్ధి చేశారు. డోసు తగిలిన గ్లుటమిన్ పొడిని తూచి, ఫెర్రస్ లవణం, జైలినాల్ ఆరెంజ్ అనే రంగు పదార్థం కలిసిన ఆమ్ల ద్రావణంలో వేస్తారు. కరగగానే రాడికల్స్ విడుదలై, ఆక్సిజన్‌తో కలిసి ఫెర్రస్‌ను ఫెర్రిక్ చేస్తాయి. జైలినాల్ ఆరెంజ్ దాన్ని పట్టుకోగానే పసుపు ద్రావణం ఊదా వైపు తిరుగుతుంది. ఆ రంగు ఎంత చిక్కబడిందో కొలవడానికి మామూలు స్పెక్ట్రోఫోటోమీటరు చాలు. అది డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో కూడా ఉంటుంది.

చవకే గానీ దీనికి మడి ఎక్కువ. ఒకసారి కుళాయి నీళ్ళతో కడిగి వదిలేసిన ఫ్లాస్కులో తుప్పు జాడ మిగిలింది. డోసే తగలని పొడి వేసినా ద్రావణం రంగెక్కింది. తప్పు నాదే, ఆ రోజు రీడింగులన్నీ బుట్టదాఖలు. మళ్ళీ మళ్ళీ స్వేదనం చేసిన నీళ్ళు వాడాలి, ద్రావణం తాజాగా ఉండాలి, కరిగించాక ప్రతిసారీ ఒకే సమయం ఆగి చదవాలి. ఇందులో దేన్ని వదిలినా అంకె మారుతుంది.

రోజువారీ బ్యాచ్‌లకు నా ఓటు గ్లుటమిన్‌కే. కొనుగోలుదారు పేచీ పెడితే మాత్రం అది అక్కరకు రాదు: కరిగిపోయిన పొడిని మళ్ళీ చదవలేం కదా. అలనిన్ బిళ్ల తేమ తగలకుండా ఉంటే నెలల తర్వాత తీసినా దాదాపు అదే అంకె చెబుతుంది. ప్లాంట్ల డోసు సరిచూడటానికి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1985లో మొదలుపెట్టిన సేవలో పోస్టులో పంపింది కూడా అలనిన్‌నే. మీకు ఈపీఆర్ లేకపోయినా, నెలకో పెట్టెలో గ్లుటమిన్ పక్కనే ఒక అలనిన్ బిళ్ల పెట్టి, యంత్రం ఉన్న ల్యాబుకు పంపించండి. రెండు అంకెలూ కలవకపోతే ముందు మీ ఫ్లాస్కులు చూసుకోండి.