రెండు వేలు కట్టి మూడు బ్రోచర్లు తెచ్చుకున్నాం

మా బరంపురంలో ఒక అడ్మిషన్ కన్సల్టెన్సీ, పేరు రాయను. అమ్మాయి ప్లస్ టూ కామర్స్, బీబీఏ చేస్తానంటోంది. ఏసీ గది, టీ, మర్యాద అన్నీ బాగానే ఉన్నాయి. కానీ మెరిట్ స్కాలర్‌షిప్ ఉన్న తక్కువ ఫీజు కాలేజీలు చెప్పు బాబూ అని అక్కడి కుర్రాణ్ణి అడిగితే భువనేశ్వర్‌వి రెండు, వైజాగ్‌ది ఒకటి బ్రోచర్లు ముందు పడేసి "సగం ఫీజు మాఫీ సార్" అన్నాడు. తిప్పి చూస్తే ఆ సగం మొదటి ఏడాది ట్యూషన్ ఫీజులోనేనట, హాస్టలూ మెస్సూ పూర్తిగా మనమే కట్టాలి, అదీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. మరి రెండో ఏడాది? కుర్రాడు ఫోను చూసుకున్నాడు.

కేంద్రం ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ మాట మేమే ఎత్తాల్సొచ్చింది. బోర్డులో పై 20 పర్సంటైల్‌లో ఉండి, ఇంటి ఆదాయం ఏడాదికి 4.5 లక్షలు దాటకపోతే డిగ్రీలో ఏటా 12,000 వస్తుంది, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో మనమే పెట్టుకోవచ్చు. రెన్యూవల్‌కి 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి. ఇంకో స్కాలర్‌షిప్ తీసుకుంటుంటే మాత్రం ఇది రాదు.

భంజ విహార్‌లో ఉన్న మన బరంపురం యూనివర్సిటీ కింద గవర్నమెంటు కాలేజీల్లో కామర్స్ చదివితే ఎంతవుతుందని అడిగితే, "అవి మేం చూడం సార్" అన్నాడు. కమీషన్ రాదుగా మరి!

ఆదాయం సర్టిఫికెట్ ముందే తీయించుకోమన్నాడు, అదొక్కటే పనికొచ్చిన మాట. నా రేటింగ్ అయిదుకి ఒకటిన్నర.