ఏడేళ్లుగా వాడుతున్న ఫ్లాష్: మూడుసార్లు మొరాయించింది, ఇంకా పనిచేస్తోంది

పెళ్లి ఫొటోలు తీయడం మొదలుపెట్టిన కొత్తలో, 2018లో కొన్నాను ఈ కెమెరా ఫ్లాష్‌ని. టీటీఎల్ (కెమెరానే వెలుగు కొలిచి ఫ్లాష్ పవర్ పెట్టే పద్ధతి) లేదు, పవర్ చేత్తోనే పెట్టుకోవాలి. నాలుగు డబుల్ ఏ సెల్లు పడతాయి. ఎల్బీనగర్ నుంచి మియాపూర్ దాకా ఎన్ని ఫంక్షన్ హాళ్లు తిరిగిందో లెక్కలేదు. తెల్ల ఫాల్స్ సీలింగ్ ఉన్న హాల్లో ఫ్లాష్ తల పైకి తిప్పి కొడితే, నాలుగో వంతు పవర్‌కే మొహాల మీద మెత్తటి వెలుగు పడుతుంది. శంషాబాద్ వైపు లాన్లలో మాత్రం పైన ఆకాశమే కాబట్టి నేరుగా కొట్టాలి, అప్పుడు సెల్లు త్వరగా దిగిపోతాయి.

మొదటిసారి మొరాయించింది తలంబ్రాల మధ్యలో. నొక్కితే ఒక ఫొటోకి పడుతోంది, రెండిటికి పడటం లేదు. ఫ్లాష్ మీదున్న టెస్ట్ బటన్ నొక్కితే మాత్రం ప్రతిసారీ పడుతోంది. అంటే ఫ్లాష్ బాగానే ఉంది, కెమెరాతో కలిసే చోటే తేడా. ఇంటికొచ్చి హాట్ షూ (ఫ్లాష్ కెమెరాకు బిగిసే చోటు) చూస్తే పసుపు, చెమట కలిసి పిన్నుల చుట్టూ పొరలా ఎండిపోయి ఉంది. పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొడి ఊదేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడిచాను. అంతే. గరుకు కాగితం మాత్రం వాడొద్దు, పిన్నుల పైపూత లేచిపోతుంది. ఇంకొకటి: కెమెరా సైలెంట్ షట్టర్‌లో ఉన్నా చాలావాటిలో ఫ్లాష్ పడదు. ముందు అది చూసుకోండి.

రెండోసారి తప్పు నాదే. వానాకాలం రెండు నెలలు పని లేక, ఆల్కలైన్ సెల్లు లోపలే వదిలేశాను. కారిపోయి స్ప్రింగుల మీద తెల్లటి పొక్కు కట్టింది. రీసైకిల్, అంటే ఒకసారి పేలాక మళ్లీ సిద్ధమయ్యే సమయం, పది సెకన్లు దాటింది. చేతులకు తొడుగులు వేసుకుని, నిమ్మరసం అద్దిన దూదిపుల్లతో ఆ పొక్కు కరిగించి, ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెట్టాను. అప్పటి నుంచి నికెల్ మెటల్ హైడ్రైడ్ ఛార్జింగ్ సెల్లే. ఒక్కోటి 1.2 వోల్టులే కదా, 1.5 వోల్టుల ఆల్కలైన్ కంటే నెమ్మదేమో అనుకుంటారు. కాదు, ఇవి కరెంటును ఆటంకం లేకుండా ఇస్తాయి కాబట్టి ఫుల్ పవర్‌లో కూడా నాకు మూడు, నాలుగు సెకన్లలో రెడీ లైటు వెలుగుతోంది. పాతవీ కొత్తవీ కలిపి వేయొద్దు.

మూడోదే అసలు రిపేరు. రెడీ లైటు వెలుగుతోంది, సన్నటి కీచు శబ్దం వస్తోంది, తల ఎడమకు తిప్పితే పేలుతోంది, నిటారుగా పెడితే లేదు. కీచు వచ్చి లైటు వెలిగిందంటే ఛార్జింగ్ భాగం పనిచేస్తున్నట్టే. తల తిప్పితే మారుతోందంటే మెడలో తీగ తెగింది. కోఠి గుజరాతీ గల్లీలో సామాను కొనేటప్పుడు ఒక పెద్దాయన, "తమ్మీ, సెల్లు తీసినం గదా అని చెయ్యి పెట్టకు. కరెంటు లోపట్నే కూసుంటది" అన్నాడు. ఆ మాట నన్ను కాపాడింది.

సెల్లు తీసి అరగంట ఆగి, జాగ్రత్తగా విప్పి, కెపాసిటర్ (కరెంటును నిల్వ ఉంచే భాగం) కాళ్ల మీద మల్టీమీటర్ పెడితే 210 వోల్టులు! నిండుగా ఉంటే 300 దాటుతుంది, గుండె ఆగిపోయేంత దెబ్బ. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేస్తే నిప్పురవ్వలు లేచి కెపాసిటర్ పాడవుతుంది, కళ్లకూ ప్రమాదం. అందుకే కరెంటును నెమ్మదిగా దింపడానికి 4.7 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్ కాళ్లకు తొడుగున్న క్లిప్పులు బిగించి, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, రెండో చేత్తో ఒక్కో క్లిప్పూ కెపాసిటర్ కాళ్లకు తగిలించాను. అర నిమిషం తర్వాత మీటరు రెండు వోల్టుల లోపు చూపించింది. క్లిప్పులు తీసి ఐదు నిమిషాలాగి మళ్లీ కొలిచాను, ఎందుకంటే ఖాళీ అయిన కెపాసిటర్‌లో కొంత వోల్టేజీ తిరిగి లేస్తుంది. మల్టీమీటర్ పట్టడం రానివాళ్లు ఇక్కడే ఆగి, తెలిసిన మెకానిక్‌కి ఇవ్వండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

మెడ మడతలో ఎర్ర తీగ పైతొడుగు నున్నగానే ఉంది, వేళ్లతో వంచితే లోపల రాగి పోగులు విరిగి మెత్తగా ఒంగిపోతోంది. అంత వోల్టేజీని తట్టుకునే సిలికోన్ తీగ అతికించి, కొంచెం వదులు ఉంచి, అతుకు మీద వేడికి బిగుసుకునే ష్రింక్ ట్యూబ్ వేశాను. తీగకు అరవై రూపాయలైంది.

నెలకోసారి సెల్లు వేసి, ఫుల్ పవర్‌లో నాలుగైదుసార్లు పేలుస్తాను. వాడకుండా పడేస్తే కెపాసిటర్ నీరసపడుతుంది. ఇలాంటిది సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు తలను అన్ని వైపులకీ తిప్పి, ప్రతి వైపూ ఒకసారి పేల్చి చూసి, సెల్లు వేసే అర మూత తీసి స్ప్రింగులు చూశాకే డబ్బులివ్వండి.