ఎద్దులా తిరిగే ప్రింటరు: ఏడాది వాడాక నా మాట

బరంపురంలో మాది చిన్న పార్సిల్ ఆఫీసు. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస వైపు వెళ్ళే సరుకు ఎక్కువ. ఒక్కో బిల్టీకి, అంటే సరుకు రసీదుకి, మూడు కాపీలు కావాలి: పంపినవాళ్ళకి ఒకటి, దించుకునేవాళ్ళకి ఒకటి, డ్రైవరు చేతికి ఒకటి. లేజర్ ప్రింటరు ఎంత మంచిదైనా కార్బన్ కింద కాగితం మీద అచ్చు పడదు. సూదులతో కొట్టే డాట్ మ్యాట్రిక్సే దిక్కు. అందుకని కిందటేడు పాతది ఒకటి 7,000 పెట్టి కొన్నాను. 9 సూదులు, 80 కాలమ్‌లు, అంటే వరసకి 80 అక్షరాలు. కంపెనీ పేరూ అమ్మిన షాపు పేరూ చెప్పను. "కొత్తదానికి ఏం తీసిపోదండీ" అన్నాడు షాపతను. మాన్యువల్ మాత్రం ఇవ్వలేదు.

మొదటి వారం బాగానే ఉంది. తర్వాత చూస్తే బిల్టీలో నిలువు గీతలు రంపం పళ్ళలా వస్తున్నాయి. ఒక వరసలో గీత ఇక్కడుంటే కింద వరసలో వెంట్రుకవాసి పక్కకి జరిగి ఉంటుంది, దాని కింద మళ్ళీ మొదటి చోటే. అంకెలు గడి దాటి పక్క గడిలోకి తొంగిచూస్తున్నాయి. బరువు 18 కిలోలా 13 కిలోలా అని పలాసలో గొడవ కూడా అయింది. నాకు టెన్షన్ మొదలైంది. సూదులుండే హెడ్ పోయిందనుకున్నాను.

మా దగ్గరికి పార్సిల్ వేయడానికి వచ్చే రిటైర్డ్ ఇంగ్లీషు మాస్టారు ఒకాయన కుర్చీలో కూర్చుని ప్రింటరు వంక చూస్తూ, "ఒరే, ఇది బూస్ట్రఫీడన్‌రా" అన్నారు. నాకు తెలిసిన బూస్ట్ పాలల్లో కలుపుకునేది ఒకటే. కొత్త వైరస్ ఏదైనా చెబుతున్నారేమో అని భయపడ్డాను.

అది గ్రీకు మాటట. బూస్ అంటే ఎద్దు, స్ట్రొఫీ అంటే మలుపు. దున్నే ఎద్దు చేను చివర తిరిగినట్టు రాయడం: ఒక పంక్తి ఎడమ నుంచి కుడికి, తర్వాతది కుడి నుంచి ఎడమకి. పాత గ్రీకు శాసనాలు చాలా ఇలాగే ఉండేవట. క్రీటు ద్వీపంలోని గోర్టిన్ చట్టం క్రీ.పూ. 5వ శతాబ్దంలో రాతి మీద ఇలాగే చెక్కారు. వెనక్కి వచ్చే పంక్తిలో అక్షరాలు కూడా అద్దంలోలా తిరగబడి ఉంటాయి. ఇంగ్లీషులో దీన్ని శాసనాల సంగతి చెప్పేటప్పుడే ఎక్కువ వాడతారనీ, "ఆ శాసనం బూస్ట్రఫీడన్‌గా ఉంది" అని రాస్తారనీ మాస్టారు చెప్పారు. అశోకుడి ఎర్రగుడి శాసనం, మన కర్నూలు వైపుదే, అందులోనూ కొన్ని పంక్తులు ఇలా వెనక్కి నడుస్తాయట. ఆ మాట విన్నాక పురుషోత్తంపూర్ దగ్గర ఋషికుల్య ఒడ్డున అశోకుడి శాసనమే ఉన్న జౌగడకి బండి మీద వెళ్ళాను. ఇక్కడ అశోకుడు తిన్నగా ఎడమ నుంచి కుడికే రాయించాడు. కొంచెం నిరాశపడ్డాను.

అన్నట్టు, ఈ ఎద్దు పోలిక నాకు పూర్తిగా కుదరలేదు. మా నాన్న దున్నేటప్పుడు కొండ్ర వేసి చుట్టూ తిప్పేవాడు, పక్క సాలులోకే వెంటనే వెనక్కి తిరిగేవాడు కాదు. గ్రీకు ఎద్దులు ఎలా దున్నేవో నాకేం తెలుసు. ఇంకో తేడా కూడా ఉంది. ప్రింటరులో నడకే ఎద్దుది, చదువు మాత్రం మనదే: హెడ్ కుడి నుంచి ఎడమకి పరిగెత్తినా అక్షరాలు మామూలుగానే పడతాయి. వెనక్కి ఖాళీగా రావడం దండగ కాబట్టి అలా చేశారు. కానీ బెల్టు కాస్త వదులైతే వచ్చే దారికీ పోయే దారికీ చుక్కలు కలవవు. నా రంపం పళ్ళకి కారణం అదే.

మందు రెండు రకాలు. ఒకటి, ఒకే వైపు కొట్టేలా సెట్ చేయడం. గీతలు తిన్నగా వస్తాయి, టైము మాత్రం దాదాపు రెట్టింపు. రెండోది, రెండు వైపుల అచ్చునూ కలిపే సర్దుబాటు. బటన్ నొక్కిపెట్టి స్విచ్ వేస్తే నంబర్లతో గీతల నమూనాలు కొడుతుంది, తిన్నగా ఉన్న నంబరు ఎంచుకోవాలి. ఏ బటనో కనుక్కోవడానికే నాకు రెండు సాయంత్రాలు పట్టింది. చేశాక మూడో కాపీలో కూడా 18 అంటే 18 లాగే ఉంది.

తెలుగులో, ఒడియాలో బిల్టీ కావాలంటే మాత్రం దీన్ని కొనకండి. ఆ అక్షరాలు బొమ్మలుగా వెళ్తాయి. ఇంగ్లీషు బిల్టీ గుక్క తిప్పుకునేలోపు వస్తే, తెలుగుది వచ్చేసరికి టీ తాగి రావచ్చు. చప్పుడు కూడా తక్కువేం కాదు, ఫోను మాట్లాడాలంటే నేను బయటికెళ్ళాల్సిందే. రిబ్బన్‌కి మాత్రం వంక పెట్టలేను, మూడు నెలలకి ఒకటి చాలుతోంది.

అయిదుకి మూడున్నర ఇస్తాను. పాతది కొనేవాళ్ళు షాపులోనే ఒక పేజీ నిండా నిలువు గీతలు కొట్టించి, స్కేలు ఆనించి చూసుకోండి. నేను ఒక్క లైనులో "హలో" అని కొట్టించి డబ్బులిచ్చేశాను.